మురుగు పొంగకముందే మేలుకొందము

వంశధార ఒడిశా కొండలలో పుట్టి కళింగపట్నము చెంత సముద్రములో కలియుచున్నది. నాగావళియు ఒడిశాలోనే పుట్టి, శ్రీకాకుళము పట్టణము నడుమగా ప్రవహించి సాగరమును చేరుచున్నది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు, కొండలపై కురిసిన వర్షము వంశధారకు వరదయై దిగివచ్చినది. అట్టి వరద మన ఊరు చేరకముందే దాని వార్త చేరుటకు ఒక ఏర్పాటు కలదు. ఎగువన కాశీనగరము వంటి చోట్ల కేంద్ర జలసంఘమువారు నీటిమట్టమును కొలుచుచుందురు. గొట్టా బ్యారేజీ వద్ద నీరు హద్దు మీరినచో ప్రమాద హెచ్చరిక వెలువడును. నదీతీర గ్రామములవారు పశువులను, ధాన్యమును మెట్టకు చేర్చుకొందురు.

నదికి ఈ కావలి ఉన్నది. మరి మన వీధి మురుగు కాలువకో? అది పొంగి గుమ్మము లోనికి వచ్చినపుడే మనకు తెలియుచున్నది. నదికి చేసిన ఉపాయమునే మురుగు కాలువకును చేయు విధానమొకటి నేడు అమలులో ఉన్నది. దానిని గూర్చి ఈ పాఠములో తెలిసికొందము.

మురుగు వలన చేటు

మురుగు వీధిన పడుట చూచుటకు అసహ్యము. అంతకంటె ముఖ్యముగా అది ఆరోగ్యమునకు చేటు. అనేక గ్రామములలో కుళాయి గొట్టములు మురుగు కాలువ ప్రక్కగా, ఒక్కొక్కచోట కాలువలోనుండియే పోవుచుండును. నీరు విడిచినంతసేపు గొట్టములో ఒత్తిడి ఉండుటచే, చిల్లి ఉన్నను నీరు బయటికే కారును. నీరు కట్టివేయగానే ఒత్తిడి తగ్గి, చుట్టును నిలిచిన మురుగు ఆ చిల్లిగుండ లోనికి చొచ్చును. మరల నీరు విడిచినపుడు మొదటి బిందెలో అదియే వచ్చును. కలరా, అతిసారము, టైఫాయిడు, పచ్చకామెర్లు ఈ త్రోవన ఇంట ప్రవేశించును.

2024 అక్టోబరులో విజయనగరము జిల్లా గుర్లలో అతిసారము ప్రబలి పలువురు ప్రాణములు కోల్పోయిరి. త్రాగునీటి కాలుష్యముపై నాడు ప్రభుత్వము విచారణ జరిపించినది. త్రాగునీటిని మలినము సోకకుండ కాపాడుకొనుట ఎంతటి ప్రాణావసరమో ఆ దుఃఖము మనకు తెల్పుచున్నది.

యంత్రము ఎట్లు పనిచేయును?

మట్టమును కొలిచి దూరమునకు వార్త పంపు పరికరమును సెన్సరు అందురు. ఇది చిన్న డబ్బా వంటిది. దీనిని మ్యాన్‌హోలు మూత క్రింద బిగింతురు. మన చెవికి వినరాని ధ్వనిని ఇది క్రిందికి పంపును. ఆ ధ్వని మురుగును తాకి ప్రతిధ్వనియై తిరిగివచ్చును. కొండ ఎదుట నిలిచి కేక వేసినపుడు మన కేక మనకే వినబడుట వంటిదే ఇది.

ఒక లెక్క చూతము. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. సెన్సరు కాలువ అడుగునకు 2 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. ప్రతిధ్వని సెకనులో నూరవ వంతు కాలములో తిరిగివచ్చినచో, ధ్వని పోయివచ్చిన దూరము 3.4 మీటర్లు, అందు సగము 1.7 మీటర్లు. అనగా మురుగు లోతు 30 సెంటీమీటర్లు. కొంతసేపటికి ప్రతిధ్వని అందులో సగము కాలముననే వచ్చినచో, లోతు 115 సెంటీమీటర్లకు పెరిగినదని అర్థము. ఈ అంకెలను యంత్రము సెల్‌ఫోను వలెనే రేడియో తరంగములద్వారా కార్యాలయమునకు పంపును. ముందుగా నిర్ణయించిన హద్దు దాటినచో బాధ్యుని ఫోనుకు హెచ్చరిక పోవును.

అంకెలను చదువు విధము

యంత్రము అంకెను మాత్రమే చెప్పును; కారణమును గ్రహించవలసినది మనుష్యుడే. వర్షము లేని దినమున మట్టము క్రమముగా పెరిగినచో, క్రింద ఎచ్చటనో అడ్డు పడినదని తలచవలెను. ఎగువ సెన్సరు వద్ద మట్టము పెరిగి, దిగువ సెన్సరు వద్ద తగ్గినచో, ఆ రెంటి నడుమనే అడ్డు ఉన్నది. కాలువ అంతయు త్రవ్వి వెదకు పని తప్పును. వర్షము కురియుచుండగా అన్నిచోట్లను మట్టము పెరిగినచో, వాననీరు మురుగు గొట్టములలో చేరుచున్నదని గ్రహింపవచ్చును.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున సౌత్ బెండ్ అను నగరము కలదు. అచ్చట వాననీరును, మురుగును ఒకే గొట్టములలో పోవుటచే, వాన పడినపుడెల్ల మురుగు పొంగి నదిలో పడుచుండెడిది. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల సహాయముతో ఆ నగరమువారు గొట్టములలో నూరుకు పైగా సెన్సర్లు అమర్చిరి. ఒక గొట్టము నిండుచుండగా, ఖాళీగా ఉన్న వేరొక గొట్టములోనికి నీటిని మళ్ళించు తలుపులును ఏర్పరచిరి. పొంగి నదిలో పడు మురుగు మిక్కిలి తగ్గినది. ఉన్న గొట్టములనే తెలివిగా వాడుకొనుట ఇందలి విశేషము.

పనివారి ప్రాణరక్ష

మరియొక ప్రయోజనము కలదు. అడ్డు ఎచ్చటనో తెలియక మనుష్యులను మురుగు గోతిలోనికి దింపుట ఘోరము. అందు హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు చేరియుండును. దానికి కుళ్ళిన గ్రుడ్ల వాసన ఉండును. కాని వాయువు అధికమైనపుడు ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండ పోవును. వాసన లేదు గనుక అపాయము లేదని నమ్మరాదు. రక్షణ సాధనములు లేకుండ మురుగు గొట్టములలోనికి, సెప్టిక్ ట్యాంకులలోనికి మనుష్యులను దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. పడిపోయినవానిని రక్షింపబోయి వెంటనే దిగిన రెండవవాడును ప్రాణము కోల్పోవును. కావున ఎవ్వరును దిగరాదు. అగ్నిమాపక దళమును పిలువవలెను.

మన గ్రామమున చేయదగినది

మన గ్రామములలో భూగర్భ మురుగు గొట్టములు అరుదు; ఉన్నవి తెరపి కాలువలే. వానికి ఖరీదైన యంత్రములు అక్కరలేదు. పాఠములోని సూత్రము మాత్రము వర్తించును. కాలువ గెడ్డలో కలియుచోటను, మలుపులవద్దను రాతిపై మూడు గీతలు గీయుడు: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ప్రతి పేటకు ఒక కాపరిని నియమించి, ఉదయమున గీతను చూచి పుస్తకములో వ్రాయించుడు. వాన లేనినాడు మట్టము పసుపు గీతను చేరినచో, పంచాయతీ కార్యదర్శికి ఆనాడే తెలుపవలెను. అడ్డు తీయించుటయేగాక, సమీపపు కుళాయి గొట్టమును గూడ పరీక్షింపజేయవలెను. గొట్టము బాగుపడువరకు నీటిని మరగకాచి త్రాగవలెను.

పట్టణములలో యంత్రములు పెట్టినను ఇదే నియమము. సాలెగూడు కట్టినను, జిడ్డు పట్టినను యంత్రము తప్పు చెప్పును. అప్పుడప్పుడు కర్రతో కొలిచి సరిచూడవలెను. హెచ్చరిక వచ్చినపుడు లేచి వెళ్ళువాడు లేనిచో, ఎంత మంచి యంత్రమైనను నిష్ప్రయోజనము. వంశధార వరదకు ముందే మేలుకొను మనము, వీధి కాలువ విషయమునను మేలుకొందము. గీత గీయుటకు కావలసినది కొలది రంగు. చూచుటకు కావలసినది కొలది శ్రద్ధ. రానున్న వర్షాకాలమునకు ముందే ఈ పని ముగించుకొందము.