పని గంటల లెక్క: తేడా వస్తే ఎర్రరంగు చూపించే పట్టిక

ఆస్ట్రేలియాలో పనిచేసే మీరు రోజూ ఎన్ని గంటలు పని చేశారో సొంతంగా రాసి పెట్టుకోవాలి. పే స్లిప్‌లో గంటలు తగ్గితే ఆ వారమే కనిపెట్టాలి. ఆర్నెల్ల తర్వాత చూసుకుంటే ఏ రోజు ఎంత పోయిందో గుర్తుండదు. ఇందుకు కంప్యూటర్‌లో ఎక్సెల్ పట్టిక బాగా పనికొస్తుంది. తేడా వచ్చిన గడికి దానంతట అదే రంగు పడేలా చేయవచ్చు. దీన్ని కండిషనల్ ఫార్మాటింగ్ అంటారు.

పట్టిక తయారుచేసే విధానం:

1. మొదటి వరుసలో నాలుగు శీర్షికలు రాయండి. ఎ: వారం ముగిసిన తేదీ. బి: నేను పని చేసిన గంటలు. సి: పే స్లిప్‌లో ఉన్న గంటలు. డి: తేడా.

2. డి2 గడిలో = గుర్తు కొట్టి, సి2 గడిపై నొక్కి, - గుర్తు కొట్టి, బి2 గడిపై నొక్కి, ఎంటర్ కొట్టండి. తర్వాత డి2 గడి మూలను పట్టుకొని కిందికి లాగండి.

3. డి2 నుండి కింది గడులన్నీ ఎంచుకోండి. హోమ్‌లో కండిషనల్ ఫార్మాటింగ్, అందులో హైలైట్ సెల్స్ రూల్స్, అందులో లెస్ దేన్ నొక్కండి. పెట్టెలో 0 రాసి, ఎర్రరంగు ఎంచుకొని, ఓకే చేయండి.

ఉదాహరణకు మీరు 41.5 గంటలు పని చేస్తే పే స్లిప్‌లో 38 మాత్రమే ఉందనుకోండి. డి గడిలో -3.5 వచ్చి ఎర్రగా మారుతుంది. 1 జూలై 2025 నుండి అమలైన జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. ఆ లెక్కన చూసినా 87 డాలర్లకు పైగా తక్కువ ఇచ్చారన్నమాట. ఓవర్‌టైమ్ రేటు వర్తిస్తే ఇంకా ఎక్కువే రావాలి.

జాగ్రత్తలు:

- ఏడున్నర గంటలను 7.5 అని రాయండి, 7.30 అని కాదు. గడిలో అంకె మాత్రమే ఉండాలి. పక్కన "గంటలు" అని రాస్తే లెక్క రాదు.

- సి గడి ఖాళీగా ఉన్నా ఎర్రగానే ఉంటుంది. అంటే ఆ వారం పే స్లిప్ అంకె ఇంకా ఎక్కించలేదని. జీతం ఇచ్చాక ఒక పనిదినంలోపు యజమాని పే స్లిప్ ఇవ్వాలి. రాకపోతే అడగండి.

- పండ్ల తోటల్లో బిన్ లెక్కన కూలి ఇచ్చినా గంటలు రాయండి. 28 ఏప్రిల్ 2022 నుండి హార్టికల్చర్ అవార్డు కింద పనిచేసేవారికి గంటల లెక్కన కనీస కూలికి హామీ ఉంది.

- ఈ ఫైలును కంపెనీ కంప్యూటర్‌లో ఉంచవద్దు. మీ సొంత ఈమెయిల్‌కు పంపి పెట్టుకోండి.

ఎర్రరంగు పడితే ముందు మీ లెక్క సరిచూసుకోండి. తర్వాత యజమానిని మర్యాదగా అడగండి. పని రాకపోతే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కు 13 13 94 నంబరులో ఫోన్ చేయండి. ఇంగ్లీషు రాదని వెనకాడవద్దు. 13 14 50కు ఫోన్ చేసి తెలుగు దుబాసీ కావాలని అడగండి. బాకీ జీతం కోసం 6 సంవత్సరాల లోపు కోర్టుకు వెళ్ళవచ్చు. తెలిసి కావాలని జీతం ఎగ్గొట్టడం 1 జనవరి 2025 నుండి నేరం. మీ వీసా ఏదైనా సరే, జీతం చట్టాలు మీకూ వర్తిస్తాయి.

మీ పట్టిక ఒక్కటే సాక్ష్యం కాదు. రోస్టర్ ఫోటోలు, సూపర్‌వైజర్ పంపిన మెసేజ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా దాచి ఉంచండి.