గోదావరి – తీర్థము, సేతువు

“తీర్థ” శబ్దమునకు దాటించునది యని అర్థము. “సేతు” శబ్దము బంధించుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. నీటిని నిలుపు కట్టకును, నీటిని దాటించు వంతెనకును అది యొక్కటే పేరు. ఈ రెండు పదముల భావమును గోదావరీతీరమున ప్రత్యక్షముగా చూడవచ్చును.

త్ర్యంబకమున జనించిన ఈ పుణ్యనది సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి, ఏడుపాయలై సముద్రమును చేరునని పెద్దలు చెప్పుదురు. భద్రాచలమున శ్రీరాముడును, వాసిష్ఠపాయ సాగరసంగమమునొద్ద అంతర్వేదిలో శ్రీలక్ష్మీనృసింహుడును ఈ తీరముననే వెలసిరి.

శ్రీమద్రామాయణమున అరణ్యకాండములో ఒక ఘట్టము కలదు. సీతాదేవిని వెదకుచు రాముడు గోదావరి నడిగెను. రావణభయముచే నది పలుకదయ్యెను. అప్పుడు మృగములు లేచి, దక్షిణాభిముఖములై, ఆకాశమును చూచుచు దారి చూపినవి. నది మౌనము వహించిన వేళ సత్యము తెలిపినవి మూగజీవులే.

ఇక సేతువుల మాట. రాజమహేంద్రవరమున 56 ఖానాల హేవలాక్ వంతెన 1900లో తెరువబడి, 1997 వరకు రైళ్లను మోసినది. బాల్యమున ఆ వంతెనపై సాగునప్పుడు మా తల్లిగారు నాణెమును నీట విడిచి నమస్కరించుట నాకు నేటికిని జ్ఞాపకము. పైన రోడ్డు, క్రింద రైలుదారి గల వంతెన 1974లోను, విల్లువంటి కమానుల వంతెన 1997లోను, మఱియొక రోడ్డు వంతెన 2015లోను వచ్చినవి.

బంధించు సేతువు ధవళేశ్వరమున నున్నది. క్షామముచే అలమటించిన సీమకై ఆర్థర్ కాటన్ దొర 1847లో ప్రారంభించి 1852లో ఆనకట్టను పూర్తి చేసెను. డెల్టా అన్నపూర్ణ యైనది. ఆయనను ఈ సీమవారు అపరభగీరథునిగా స్మరింతురు. దాని స్థానమున నేడు బ్యారేజి నిలిచియున్నది.

అయితే మనకు అన్నము పెట్టిన ఆ కట్టయే మఱియొక ప్రాణికి అడ్డుగోడ. వఱదనీరు వచ్చినంతనే సముద్రమునుండి పులసచేప గ్రుడ్లు పెట్టుటకై తీపినీటి కెదురీదును. పూర్వము పైకి సాగిన ఆ యాత్రకు ఇప్పుడు ధవళేశ్వరమే అవధి. అదియు యాత్రికురాలే గదా! గ్రుడ్లతో వచ్చిన యా తల్లికి తీర్థము మూయబడినది.

ఎగువన పాపికొండలలో పులులు, చిఱుతలు కలవు. ఆ యడవి 2008లో జాతీయవనమైనది. దిగువన కోరింగ మడయడవులు 1978లో అభయారణ్యమైనవి. అందు నీటికుక్కలును, చేపలు పట్టి బ్రతుకు బావురుపిల్లులును నివసించును. చేరువనున్న హోప్ దీవి యిసుకలో సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. కూర్మావతారమును కొలుచు మనము వాని గూటిని త్రొక్కి పోవుట తగునా?

కట్టను పడగొట్టుమని నేను చెప్పుట లేదు. దానివలన లక్షల కుటుంబములు భుజించుచున్నవి. అందుచేతనే మనకు ఋణము కలదు. నీటిలో ఉమ్మి మొదలగు మలినములను విడువరాదని మనుస్మృతి విధించినది. 2027లో పుష్కరములు రానున్నవి. స్నానమునకు వచ్చువారు పాతబట్టలను, ప్లాస్టిక్ సంచులను, సబ్బునురుగును నదికి సమర్పింపక, వెంట తెచ్చినదానిని వెంట కొనిపోవలెను. ఇంటి పిల్లలకు నదితోబాటు నదిలోని ప్రాణులను గూడ చూపవలెను.

నాడు రామునకు దారి చూపిన మృగముల సంతతికి మనము దారి విడుచుటయు రామసేవయే.