గోధుమ సరిపడని దేహం – సీలియాక్ వ్యాధి: ఒక పరిశీలన

ఆహారం ప్రాణాధారమన్నది అన్ని మతాలవారూ, అన్ని భాషలవారూ అంగీకరించిన సత్యం. నేలపై పడిన రొట్టెముక్కను గాని, అన్నపు మెతుకును గాని కాలితో తొక్కక, తీసి పక్కన పెట్టే సంస్కారం మన ఇళ్ళలో పసితనంలోనే అలవడుతుంది. అటువంటి ఆహారమే కొందరి పాలిట వ్యాధికారణం కాగలదంటే మొదట నమ్మబుద్ధి కాదు. అది పాచిపోయిన పదార్థమూ కాదు, కల్తీ సరుకూ కాదు. శుభ్రమైన గోధుమపిండితో అప్పుడే కాల్చిన రొట్టె. దానిని తిన్నందువల్ల పేగు లోపలి పొర క్రమక్రమంగా దెబ్బతిని, మనిషి తింటూనే కృశించిపోయే స్థితిని సీలియాక్ వ్యాధి అంటారు. ప్రపంచ జనాభాలో ఇంచుమించు నూటికొకరికి ఈ వ్యాధి ఉన్నదని అంచనా. వారిలో చాలామందికి తమకు ఆ వ్యాధి ఉన్న సంగతే తెలియదు. సాహిత్యం బోధించే నేను ఈ విషయాన్ని ఎన్నుకొనటానికి కారణం వ్యాసమధ్యంలో పాఠకులకు తెలియగలదు.

గ్లూటెన్ అనగా నేమి?

గ్లూటెన్ లాటిన్ పదం. జిగురు, బంక అని దాని అర్థం. గోధుమపిండి ముద్దను నీటిలో కడిగి ఈ పదార్థాన్ని వేరుచేసినవాడు ఇటలీలోని బొలోన్యా నగర విద్వాంసుడు బెకారీ. ఆయన పరిశోధన 1745లో ప్రచురితమైనది. ఆ ప్రయోగాన్ని ఏ విద్యార్థి అయినా ఇంట్లో చేసి చూడవచ్చు. గోధుమపిండిని గట్టిముద్దగా కలిపి, కొంతసేపు నాననిచ్చి, నీటిలో పిసుకుతూ కడిగితే తెల్లని పిండిపదార్థం నీటిలో కలిసిపోయి, రబ్బరువలె సాగే ముద్ద చేతిలో మిగులుతుంది. అదే గ్లూటెన్. గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు తెగల మాంసకృత్తుల కలయికవల్ల ఇది ఏర్పడుతుంది. బార్లీలోనూ, రై అనే శీతలదేశపు ధాన్యంలోనూ దీనిని పోలిన మాంసకృత్తులు ఉన్నవి.

దీనికి మన వంటింట్లోనే మంచి నిదర్శనం ఉన్నది. గోధుమపిండి ముద్దను కర్రతో ఎంత పలుచగా ఒత్తినా చిరగదు. జొన్నపిండి సంగతి అట్లా కాదు. దానిని వేడినీటితో కలిపి, చేత్తో తట్టవలసిందే. అయినా అంచులు పగులుతూనే ఉంటవి. జొన్నలో ఈ జిగురు లేకపోవటమే అందుకు కారణం. మన అవ్వలకు గ్లూటెన్ అనే పేరు తెలియకపోయినా, అది ఏ పిండిలో ఉన్నదో, దేనిలో లేదో వారి చేతులకు తెలుసు.

వ్యాధి జరిగే తీరు

మనం తిన్న ఆహారంలోని సారం రక్తంలోకి చేరేది చిన్నపేగు ద్వారా. పేగు లోపలి గోడపై మఖమల్ గుడ్డమీది నూగువలె లక్షలాది సూక్ష్మమైన చూషకాలు ఉంటవి. ఇవి సారాన్ని పీల్చుకొనే వైశాల్యాన్ని ఎన్నో రెట్లు పెంచుతవి. గ్లూటెన్‌ను మన జీర్ణరసాలు పూర్తిగా విడగొట్టలేవు. దాని తునకలు కొన్ని మిగిలిపోతవి. సామాన్యులకు వీటివల్ల ఏ బాధా లేదు. కాని డి.క్యు.2, డి.క్యు.8 అనే వంశపారంపర్య లక్షణాలు గలవారిలో కొందరికి, శరీర రక్షణవ్యవస్థ ఈ తునకలను శత్రువులుగా భావించి, వాటిపై సాగించే పోరులో సొంత పేగునే గాయపరుస్తుంది. చూషకాలు అరిగి, కురుచబారి, చివరకు గోడ చదునైపోతుంది. నూగు రాలిపోయిన మఖమల్‌వంటి ఆ పేగులోనుండి ఇనుము, సున్నం, విటమిన్లు లోపలికి చేరక వ్యర్థమైపోతవి.

కనుకనే ఈ వ్యాధి పలు వేషాలలో కనిపిస్తుంది. కొందరికి నీళ్ళ విరేచనాలు, కడుపుబ్బరం. పిల్లలలో ఎదుగుదల ఆగిపోవటం, యుక్తవయస్సు ఆలస్యం కావటం. పెద్దలలో ఎంత మందు వాడినా తగ్గని రక్తహీనత, ఎముకల బలహీనత, నోటిపూత, విడువని అలసట. కొందరికి ఒంటిమీద దురదతో కూడిన పొక్కులు. కడుపు సంబంధమైన బాధ ఏదీ లేకుండానే ఈ వ్యాధి ఉండవచ్చునన్నది గమనింపదగిన విషయం.

చరిత్ర

క్రీస్తుశకం తొలి శతాబ్దాలలోనే కప్పడోషియాకు చెందిన గ్రీకు వైద్యుడు ఆరీటియస్ ఇటువంటి రోగాన్ని వర్ణించాడు. ఉదరమనే అర్థంగల గ్రీకు పదం నుండే సీలియాక్ అనే పేరు పుట్టినది. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ పిల్లలలోని ఈ వ్యాధిని వివరిస్తూ, నయమయ్యే మార్గమంటూ ఉంటే అది ఆహారంలోనే ఉండాలని అభిప్రాయపడినాడు. అయితే దోషి ఏ ఆహారమో ఆయనకు అంతుపట్టలేదు. 1924లో అమెరికా వైద్యుడు సిడ్నీ హాస్ పిల్లలకు అరటిపండ్లు ప్రధానంగా పెట్టి మంచి ఫలితాలు సాధించాడు. దానివల్ల మేలు చేసినది అరటిపండేనని లోకం భ్రమపడినది. నిజానికి మేలు చేసినది రొట్టె లేకపోవటం.

ఆ రహస్యాన్ని ఛేదించినవాడు హాలెండు దేశపు శిశువైద్యుడు విల్లెం కారెల్ డికె. రెండవ ప్రపంచయుద్ధానికి ముందే ఆయన గోధుమ లేని ఆహారాన్ని తన రోగులకు పెట్టి చూస్తూ ఉన్నాడు. 1944–45 చలికాలంలో జర్మన్ ఆక్రమణవల్ల ఆ దేశంలో ఘోరమైన కరవు వచ్చినది. సుమారు 20,000 మంది మరణించారు. రొట్టె దొరకక జనం ట్యులిప్ పూలదుంపలను తిని ప్రాణాలు నిలుపుకొన్నారు. అందరి పిల్లలూ చిక్కిపోతున్న ఆ రోజులలో సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకొన్నారు. మరల రొట్టె వచ్చినది; వారి వ్యాధీ మరల వచ్చినది. డికె ఈ విషయాన్ని శ్రద్ధగా పరిశీలించి, 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. తరువాత సహచరులతో కలిసి, హాని గ్లూటెన్‌లోనే ఉన్నదని నిరూపించాడు. ఒక జాతి ఆకలినుండి ఇంతటి జ్ఞానం లభించటం చరిత్రలోని వైచిత్రి.

నిర్ధారణ

నేడు ఈ వ్యాధిని గుర్తించటం కష్టం కాదు. ముందుగా రక్తపరీక్ష చేసి, టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే పదార్థానికి వ్యతిరేకంగా శరీరం తయారుచేసుకొన్న ప్రతిరక్షకాలు ఉన్నవేమో చూస్తారు. ఈ పదార్థపు పాత్రను 1997లో జర్మనీ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. రక్తపరీక్షలో అనుమానం కలిగితే నోటిద్వారా సన్నని గొట్టాన్ని పంపి, చిన్నపేగు మొదటి భాగంనుండి చిన్న చిన్న తునకలు తీసి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు. ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక: పరీక్షలు పూర్తి అయ్యేవరకు గోధుమ మానరాదు. ముందే మానితే పేగు కొంత కోలుకొని, ప్రతిరక్షకాలు తగ్గి, ఉన్న వ్యాధి లేనట్లు కనిపిస్తుంది.

కష్టమంతా పరీక్షలో లేదు. పరీక్ష చేయించాలన్న ఆలోచన రావటంలో ఉన్నది. మా ఆపా కుమార్తె విషయంలో ఇదే జరిగినది. పదకొండేళ్ళ పిల్ల. తమ్ముడు ఎత్తులో తనను మించిపోయినాడు. ముఖం పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడేది. రెండేళ్ళపాటు ఇనుము టానిక్కులు తాగించారు. నులిపురుగుల మందు ఇచ్చారు. దిష్టి తగిలిందని తాయెత్తు కట్టారు. నీరసంగా ఉన్నదని తరచు బార్లీ జావ కాచి ఇచ్చారు. ఇంటి యజమానికి మధుమేహం ఉన్నందువల్ల రాత్రిపూట ఇంటిల్లిపాదికీ చపాతీలే. మేలుకోరి పెట్టినదే కీడు చేస్తున్నదని ఎవరికి తోచగలదు? చివరకు ఒక వైద్యురాలు పిల్ల ఎత్తు కొలిచి, పాఠశాల పుస్తకంలోని పాత కొలతతో పోల్చి, ఈ పరీక్ష వ్రాసి ఇచ్చినది. గోధుమ, బార్లీ మానిన ఆరు నెలలకు రక్తహీనత తగ్గినది. ఏడాదిలో మూడంగుళాల ఎత్తు పెరిగినది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనులు. వీరిలో అత్యధికులకు కారణం సీలియాక్ కాదు. కాని రక్తహీనత సర్వసామాన్యమైనచోట, మందుకు లొంగని రక్తహీనత కూడ సామాన్యమైనదిగానే తోచి, కారణాన్వేషణ ఆగిపోతుంది. ప్రమాదం అక్కడే ఉన్నది.

ఇది మన ప్రాంతపు వ్యాధి కాదా?

సీలియాక్ ఉత్తరాదివారి వ్యాధి అని ఒక అభిప్రాయం ఉన్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. 23 వేలకు పైగా పెద్దలను పరీక్షించి 2016లో ప్రకటించిన ఒక భారతీయ అధ్యయనంలో ఉత్తరాదిన 1.23 శాతం, ఈశాన్యాన 0.87 శాతం, దక్షిణాదిన 0.10 శాతం మందికి ఈ వ్యాధికి సంబంధించిన ప్రతిరక్షకాలు రక్తంలో ఉన్నట్లు తేలినది. అయితే వ్యాధికి అవకాశమిచ్చే వంశలక్షణాలు మూడు ప్రాంతాలలోనూ దాదాపు సమానంగానే, జనాభాలో ఇంచుమించు మూడింట ఒకవంతు మందిలో ఉన్నవి. గోధుమ వాడకం మాత్రం ఉత్తరాదిన రోజుకు సగటున 455 గ్రాములు కాగా, దక్షిణాదిన 25 గ్రాములే. అంటే మనలను కాపాడుతున్నది మన రక్తం కాదు, మన వరి అన్నం, మన జొన్నరొట్టె అని ఊహించవచ్చు. నేడు పరోటాలు, బిస్కత్తులు, నూడుల్స్ పల్లెలకు సైతం చేరుతున్నవి. కనుక ఈ వ్యాధి మనది కాదని నిశ్చింతగా ఉండటం వివేకం కాదు.

ఆహారనియమం

దీనికి మందు లేదు; జీవితాంతం గ్లూటెన్‌ను విసర్జించటమే చికిత్స. గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బార్లీ, మాల్టు పానీయాలు పనికిరావు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్, అంటే ఇంచుమించు అరగ్రాము గోధుమపిండి, నెలల తరబడి లోపలికి పోయినా పేగు దెబ్బతింటుందని పరిశోధన చెప్పుచున్నది. అందుచేతనే గ్లూటెన్ రహితమని ముద్రించే పదార్థంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని మన దేశపు నియమం.

నిషేధాల పట్టిక చూసి నిరాశపడనక్కరలేదు. బియ్యం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, పప్పులు, కూరలు, పండ్లు, పాలు, గ్రుడ్లు, మాంసం అన్నీ తినవచ్చు. ఇడ్లీ, దోసె, పెసరట్టు, పులగం, రాగిసంకటి, బిర్యానీ వీరికి మిత్రులే. గోధుమ ప్రధానాహారమైన దేశాలవారు ఎంతో ఖర్చుపెట్టి కొనుక్కొనే గ్లూటెన్ రహిత భోజనం మన పేదవాని పళ్ళెంలో తరతరాలుగా ఉన్నది.

అయినా దాగి ఉండే గోధుమ విషయంలో జాగ్రత్త వహించాలి. బజారులో దొరికే కూటు ఇంగువలో తరచు మైదా కలుస్తుంది. సోయా సాసులో గోధుమ ఉంటుంది. గోధుమ ఆడించిన పిండిమరలోనే జొన్నలు ఆడిస్తే ఆ పిండి కలుషితమవుతుంది. పూరీలు వేయించిన నూనెలో అప్పడాలు వేయించరాదు. హలీములో గోధుమ ఉన్నది. సమోసాలో, లుఖ్మీలో, షీర్ ఖుర్మాలో ఉన్నది. రంజాన్ మాసంలో మన వీధులలో వీరికి సురక్షితమైనవి ఖర్జూరాలు, పండ్లు, బిర్యానీ అని చెప్పవచ్చు.

ఇంకొక మాట. ఈ వ్యాధి లేనివారిలో చాలామందికి గోధుమ హానికరం కాదు. ఫ్యాషన్ కోసం గోధుమ మానటంవల్ల ప్రయోజనం లేకపోగా, నిజంగా అవసరమైనవారిని కూడ లోకం పరిహసించే ప్రమాదం ఉన్నది.

సమాజబాధ్యత

ఈ రోగికి నోరు కట్టుకొనటంకంటె నలుగురిలో వేరుపడటమే పెద్ద బాధ. విందులో వద్దంటే అవమానించినట్లు భావిస్తారు. “కొంచెం తింటే ఏమవుతుంది?” అని బలవంతపెడతారు. “మామూ, నాకొక్కదానికే ఎందుకు?” అని మా పిల్ల అడిగినప్పుడు నాకు సమాధానం తోచలేదు. సమాధానం మా అమ్మ చెప్పినది, మాటలలో కాదు. ఆ ఈద్‌నాడు ఆమె బియ్యపు సేమ్యాతో వేరుగా షీర్ ఖుర్మా వండి, మొదటి గిన్నె పిల్లకు ఇచ్చి, ఆ తరువాతనే తక్కినవారికి వడ్డించినది. పిల్ల మరల ఆ ప్రశ్న వేయలేదు.

మన కళాశాల వసతిగృహంలో దూరప్రాంతాలనుండి వచ్చిన విద్యార్థినీ విద్యార్థులు ఉన్నారు. వారిలో ఎవరికైనా ఈ వ్యాధి ఉన్నట్లు వైద్యులు నిర్ధారిస్తే, ఒక వేరు పెనం, ఒక వేరు గరిటె, మూతగల డబ్బాలో విడిగా ఆడించిన జొన్నపిండి – ఇంతకుమించిన ఏర్పాటు అవసరం లేదు. ఆ కొద్దిపాటి సదుపాయం చదువును మధ్యలో ఆపకుండ కాపాడగలదు. ఈ విషయాన్ని కళాశాల పాలకమండలివారు పరిశీలింతురని ఆశిస్తున్నాను. విద్యార్థులకు నేను చేసే మనవి ఒక్కటే. ఏళ్ళ తరబడి మందు వాడినా రక్తహీనత తగ్గని చెల్లెలు, వయసుకు తగినట్లు ఎదగని తమ్ముడు మీ ఇంట ఉంటే, విధివ్రాత అని ఊరకుండక, వైద్యుని దగ్గర ఈ వ్యాధి పేరు ఎత్తండి. ఒకరికి వ్యాధి ఉన్నట్లు తేలితే తోబుట్టువులకు, తల్లిదండ్రులకు కూడ పరీక్ష చేయించండి. రక్తసంబంధులలో ఇది వచ్చే అవకాశం ఇతరులకంటె ఎక్కువ. తెలిసిన జ్ఞానాన్ని పొరుగువారితో పంచుకొన్నప్పుడే చదువుకు సార్థకత.