తాళం ఒక్కటే, గెలుపు అందరిదీ: ఇంట్లో ఆడుకునే ఎస్కేప్ రూమ్ ఆట



సెలవు రోజున పిల్లలు ఫోన్ వదలడం లేదని పేరెంట్స్ మీటింగ్‌లో మీలో చాలామంది అంటుంటారు. ఫోన్ లాక్కోవడం తేలికే. లాక్కున్నాక వాళ్ల చేతికి ఏమివ్వాలన్నదే అసలు ప్రశ్న. అందుకే ఈ నెల ఒక ఆట చెప్తున్నాను. ఒక అట్టపెట్టె, అంకెల తాళం, మూడు కాగితాలు, అరగంట సమయం ఉంటే చాలు.

ఎస్కేప్ రూమ్ అంటే ఏమిటి?

కొంతమందిని ఒక గదిలో ఉంచి తలుపు వేస్తారు. గదిలో దాచిన క్లూలు వెతికి, చిక్కుముడులు విప్పి, గడువులోగా బయటపడాలి. 2007లో జపాన్‌లోని క్యోటోలో తకావో కాటో ఈ తరహా ఆటను మొదలుపెట్టారు. ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా ఇలాంటి గదులున్నాయి. తర్వాత ఇదే ఆట బోర్డ్ గేమ్‌గా ఇళ్లలోకి వచ్చింది. జర్మనీలోని కాస్మోస్ సంస్థ తెచ్చిన 'ఎగ్జిట్', ఫ్రాన్స్ నుంచి వచ్చిన 'అన్‌లాక్' వీటిలో పేరున్నవి. 'ఎగ్జిట్'లో కార్డులను కత్తిరించి, మడిచి ఆడతారు కాబట్టి ఒక పెట్టె ఒక్కసారికే పనికొస్తుంది. పైగా ఇంగ్లిష్ క్లూలైతే మన ఇంట్లో నానమ్మ పక్కన కూర్చుని చూడాల్సిందే. కాబట్టి మన ఆట మనమే తయారుచేసుకుందాం.

ఎందుకు ఆడాలి?

క్యారమ్స్, చెస్‌లలో ఒకరు గెలిస్తే ఒకరు ఓడతారు. ఇందులో ఇంటిల్లిపాదీ ఒకే జట్టు. మన పులిజూదంలో మేకలను చూడండి. విడిగా ఉన్న మేకను పులి దాటి తినేస్తుంది. ఒకదాని వెనక ఒకటి నిలబడితే పులికి దారే ఉండదు. ఈ ఆటలో అందరం మేకల వైపే!

ఇంకో కారణం కూడా ఉంది. జవాబు తెలిసీ చెయ్యి ఎత్తని పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. తప్పయితే పక్కవాళ్లు నవ్వుతారని వాళ్ల భయం. పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోతుంది. ఇక్కడ తప్పు అంకె పెడితే తాళం తెరుచుకోదు, అంతే. ఆ అంకె కాదని తెలిసింది కాబట్టి ఇంకొకటి ప్రయత్నిస్తారు. వారానికి ఒక అరగంట ర్యాంకు లేకుండా ఆలోచించే అవకాశం పిల్లలకు దొరుకుతుంది.

తయారీ ఇలా

సూట్‌కేసుకు వేసే మూడంకెల తాళం తీసుకోండి. నంబర్ 379 పెట్టండి. తాళం లేకపోతే మీరే తాళం! సరైన నంబర్ చెబితేనే పెట్టె ఇవ్వండి. కింది మూడు చీటీలను ఇంట్లో వేర్వేరు చోట్ల దాచండి.

1. కాషాయ రంగు చీటీ: "పదిహేను మేకలు మమ్మల్ని కట్టేయాలని చూస్తాయి. మేమెంతమందిమి?" జవాబు పులిజూదంలోని 3 పులులు. నానమ్మనో తాతయ్యనో అడగాలి, గూగుల్‌ని కాదు.

2. తెల్ల చీటీ: అగ్గిపుల్లకు దూది చుట్టి, నిమ్మరసంలో ముంచి తెలుగు అంకె ౭ రాసి ఆరబెట్టండి. ఏమీ కనిపించదు. మూలన పెన్సిల్‌తో "నాకు వేడి తగిలితేనే మాట్లాడతాను" అని రాయండి. పిల్లలు కనిపెట్టాక ఇస్త్రీపెట్టెతో పెద్దవాళ్లే వేడిచేయాలి. గోధుమరంగులో 7 బయటపడుతుంది. తెలుగు అంకెలు మన ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో చాలామందికి రావు, ఆ వంకతో నేర్చుకుంటారు.

3. ఆకుపచ్చ చీటీ: "నాలుగు మిర్చి టిక్కీలు, ఒక్కోటి 45 కిలోలు. మొత్తం బరువులోని అంకెలను కలపండి." 180, అంటే 1+8+0, జవాబు 9.

మూడు అంకెలు దొరికినా ఏది ముందో తెలియదు. క్యాలెండర్‌లో ఆగస్టు 15 చుట్టూ గీత గీసి, పెట్టె మూత మీద "పైనుంచి కిందికి" అని రాసి ఉంచండి. జెండా రంగులు గుర్తుకు రావాలి.

హైస్కూలు పిల్లలుంటే మొదటి చీటీ మార్చండి: "మన పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చే సున్నపురాయి ఫార్ములాలో ఆక్సిజన్ పరమాణువులు ఎన్ని?" కాల్షియం కార్బొనేట్‌లో మూడు. నంబర్ మారదు.

పెట్టెలో ఖరీదైనవి వద్దు. పల్లీచిక్కీలో, "వచ్చే ఆదివారం కోటప్పకొండ" అన్న చీటీయో చాలు.

పెద్దలకు నాలుగు మాటలు

• ఇలాంటి ఆటల్లో పెద్ద ఇబ్బంది ఒకటుంది. బాగా తెలిసినవాళ్లు ఒక్కరే ఆట మొత్తం ఆడేస్తారు. అందుకని ఒక్కో చీటీ ఒక్కొక్కరి దగ్గరే ఉండాలి. చదివి వినిపించవచ్చు, చేతికివ్వకూడదు. అందరికంటే చిన్నవాళ్లకు కూడా ఒక చీటీ ఇవ్వండి.

• ఆట తయారుచేసినవారు జవాబు చెప్పకూడదు. పిల్లలు మౌనంగా ఉన్నారంటే ఆలోచిస్తున్నారని అర్థం. మరీ ఆగిపోతే మొత్తం ఆటకు మూడే సాయాలు, అవి కూడా ప్రశ్నల రూపంలోనే. "ఈ రంగులు ఇంకెక్కడైనా చూశావా?" అన్నట్టుగా.

• అరగంట దాటితే ఇంకో పది నిమిషాలు ఇవ్వండి. "అక్క అయితే ఈపాటికి తీసేసేది" అన్న మాట మాత్రం వద్దు.

• పెట్టె తెరిచాక "ఎవరు కనిపెట్టారు?" అని అడగకండి. "ఎక్కడ ఆగిపోయాం? ఎలా బయటపడ్డాం?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు వాళ్లు చెప్పే సమాధానాల్లోనే అసలు చదువు ఉంటుంది.

రెండో ఆదివారం పాత్రలు మార్చండి. పిల్లలు చీటీలు రాయాలి, మీరు వెతకాలి. క్లూ రాయాలంటే పాఠం బాగా తెలిసుండాలి, ఎదుటివారు ఎలా ఆలోచిస్తారో ఊహించాలి. ఆ రోజు మీకు జవాబు తట్టకపోతే దాచుకోకండి. అమ్మానాన్నలు కూడా ఆగిపోతారని, ఆగినా మళ్లీ ప్రయత్నిస్తారని పిల్లలు కళ్లారా చూడాలి.

మీ పిల్లలు రాసిన క్లూలలో మంచిదొకటి డైరీలో రాసి పంపండి. తరగతిలో అందరం కలిసి విప్పుదాం.