చెత్తను విడదీసిన నగరము

పల్లెటూళ్లలో పేడయు, ఊడ్చిన కసవును, తిని పారవైచిన విస్తళ్లును పెంటకుప్పకు జేరి, వేసవి కడపట బండ్లమీద పొలములకు ఎరువుగా తరలిపోయెడివి. నగరమునకు పొలము లేదు. అచ్చటి చెత్తలో ఆకులతోపాటు గాజుపెంకులు, ప్లాస్టిక్ సంచులు, పాడైన బ్యాటరీలు కలిసిపోవును. ఇట్లు కలిసిన చెత్త యెరువునకు గాని, మరల వస్తువుగా మార్చుటకు గాని పనికిరాదు. కావున నగరపాలకులు దానిని ఊరి వెలుపల గుట్టగా పోయించి చేతులు దులుపుకొనెడివారు.

మధ్యప్రదేశ్ రాష్ట్రమందలి ఇండోరు నగరమును ఇట్లే యుండెను. ఒకప్పుడు హోల్కారు రాజుల కునికిపట్టైన యీ నగరము నేడు ఇరువది లక్షలకు మించిన జనులు గల వర్తకస్థానము. దాని చెత్తయంతయు దేవగురాడియా యనుచోట సుమారు నూరెకరముల నేలలో గుట్టలుగా పేరుకొనెను. ఇట్టి గుట్టలలో కుళ్లిన పదార్థమునుండి వెలువడు వాయువునకు నిప్పంటుకొని పొగ చుట్టుప్రక్కల కమ్మును. వానకు ఊరిన మురుగు నేలలోనికి దిగి నీటిని చెరచును.

2016లో నగరపాలక సంస్థ మొదట రెండు వార్డులలో క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టి, పిమ్మట నగరమంతటికి వ్యాపింపజేసెను. బండి యింటిముంగిటికి వచ్చును. గృహస్థులు తడి చెత్తను, పొడి చెత్తను వేరువేరుగా నీయవలెను. వినుటకిది చిన్నపని. కాని యిందు జనులకంటె పాలకులకే పరీక్ష యెక్కువ. ఇల్లాలు రెండు బుట్టలలో విడదీసి యిచ్చినదానిని బండివాడు ఆమె కన్నుల యెదుటనే ఒక్కటిగా కలిపివేసినచో, మరునాడామె యేల విడదీయును? ఇండోరులో బండ్లకు అరలు కట్టించిరి. బదిలీ కేంద్రములలో చెత్తను పెద్ద వాహనముల కెక్కించునప్పుడును కలియకుండ జూచిరి. వీధికుండీలను తొలగించిరి. నెలసరి రుసుము వసూలు చేసిరి. వీధిలో పారవైచినవారికి జరిమానా విధించిరి. తరువాతి కాలమున రెండు రకములు ఆరైనవి.

తడి చెత్త వేరుగా లభించుటచేత దానికి విలువ కలిగెను. 2022 ఫిబ్రవరి 19వ తేదీన ప్రారంభమైన కర్మాగారము దినమునకు 550 టన్నుల తడి చెత్తను గ్రహింపగలది. గాలి చొరని తొట్లలో సూక్ష్మజీవులు దానిని జీర్ణింపజేయగా వాయువు పుట్టును. దినమునకు సుమారు 17,000 కిలోల వాయువును, నూరు టన్నుల యెరువును నిచ్చునట్లు దానిని నిర్మించిరి. ఆ వాయువుతో నగరపు బస్సులు నడుచును. కూరగాయల తొక్కలతో బస్సు నడుచుట తాతలు వినియుండిన వింత కాదు!

పాత గుట్టల సంగతి వేరు. అచ్చట పేరుకొన్నది సుమారు 13 లక్షల టన్నులు. దానిని త్రవ్వి, సూక్ష్మజీవుల ద్రావణము చల్లి, తిరుగవేసి, యంత్రపు జల్లెడలతో జల్లించిరి. మన్ను ఒకవైపు, ప్లాస్టిక్ ఒకవైపు, రాళ్లొకవైపు వేరుపడెను. పనినంతయు గుత్తకిచ్చినచో వ్యయము అనేక రెట్లు పెరిగెడిది. సంస్థ యంత్రములను అద్దెకు దెచ్చి, పది కోట్ల రూపాయలకు లోపుగనే 2018 ముగియునాటికి పని ముగించెను. స్వచ్ఛ సర్వేక్షణమున 2016లో 25వ స్థానమందుండిన నగరము 2017 మొదలు 2023 వరకు మొదటి స్థానము నిలుపుకొనెను. కడపటి యేట సూరతు నగరముతో దానిని పంచుకొనెను.

పుట్టిన చెత్తను మార్చుటకన్న పుట్టకుండ జేయుట మేలు. ఇండోరులో పాత్రల బ్యాంకు కలదు. విందు చేయదలచినవారు అచ్చట ఉక్కు పళ్లెములు, గ్లాసులు తీసికొనిపోయి, పని తీరినపిదప తిరిగి యిత్తురు. ఒక్కమారు వాడి పారవేయు పళ్లెముల అవసర మట్లు తప్పును. మన యూళ్లలోను పెండ్లిండ్లకు సామూహికముగా గుండిగలు, గంగాళములు ఉంచుకొనెడి వాడుక యుండెడిది గదా!

పొడి చెత్త మాత్రము యంత్రములతో తీరునది కాదు. కాగితము, అట్ట, గాజు, ఇనుము, పలురకముల ప్లాస్టిక్కు - వీనిని మనుష్యులే తుదకు ఏరవలెను. పూర్వము గుట్టలపై పొగలో తిరుగుచు చెత్త నేరుకొని బ్రతికినవారికి ఈ కేంద్రములలో పని దొరకెను. నీడపట్టున, కదలు పట్టీకి ఇరువైపుల నిలిచి, వారు వస్తువులను వేరుచేయుదురు. పగిలిన గాజును, వాడిన సూదిని, గడ్డము గీచుకొను బ్లేడును ఇంటివారు కాగితమున చుట్టి వేరుగా నీయనిచో, అది ముందుగా తగులుకొనునది ఆ చేతులకే.