సేవా సర్టిఫికెట్ ఎంతకొస్తుంది?

గత నెలలో ఒక తండ్రి కొడుకుని వెంటబెట్టుకుని నా దగ్గరికి సలహా కోసం వచ్చారు. అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, అమెరికాలో ఎంఎస్ చేయించాలని ఇంట్లో నిర్ణయం. ప్రొఫైల్‌లో సామాజిక సేవ కనిపించాలని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారట. "సార్, మీకు తెలిసిన స్వచ్ఛంద సంస్థ ఏదైనా ఉంటే ఆరు నెలల సర్టిఫికెట్ ఇప్పించండి. డబ్బు సంగతి ఆలోచించకండి" అన్నారాయన. "నీకేం చేయాలనుంది నాన్నా?" అని నేను అబ్బాయిని అడిగాను. జవాబు మళ్లీ తండ్రే చెప్పారు.

ఆ వారంలోనే ఒక తల్లి ఫోన్ చేశారు. కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం. ఆదివారం పొద్దున రెండు గంటలు గుడి అరుగు మీద వీధి పిల్లలకు లెక్కలు చెబుతోందట. "మీరైనా మందలించండి సార్. ఆ టైములో ఫిజిక్స్‌లో ఒక చాప్టర్ అయిపోతుంది. ఊరికే చేసే పనికి విలువేముంటుంది?"

ఒకరు సేవను కొనాలని చూస్తున్నారు, ఇంకొకరు మాన్పించాలని చూస్తున్నారు. ఇద్దరిదీ ఒకే లెక్క: కాగితం చేతికొస్తే లాభం, లేకపోతే దండగ. ఇన్నేళ్లుగా పిల్లలకు చదువుల దారులు చెబుతున్నవాడిగా అంటున్నాను, ఈ లెక్క తప్పు. జీతం లేకుండా చేసే పని పిల్లలకు ఇచ్చేది వేరే ఉంది. తాము ఏ పని దగ్గర నిలబడగలరో, ఏ పని దగ్గర నిలబడలేరో లక్షల ఫీజులు కట్టకముందే తెలుస్తుంది. దీన్ని ఏ ఆప్టిట్యూడ్ టెస్టూ ఇంత నమ్మకంగా చెప్పలేదు.

నా సంగతే చెబుతాను. ఇంటర్ రెండో ఏడులో ఉండగా, మా లెక్చరర్ పిలిచి, చూపులేని ఒక డిగ్రీ విద్యార్థికి పరీక్ష రాసిపెట్టాలన్నారు. చరిత్ర పేపరు. బెంచీకి ఈ చివర నేను, ఆ చివర ఆయన. నన్ను తమ్ముడూ అని పిలిచేవాడు. ఆయన చెబుతుంటే నేను రాయాలి, అంతే. "పేరా మార్చు" అంటే మార్చాలి. చెప్పిన పాయింట్లను బెంచీ మీద వేలితో ఒక్కొక్కటీ తట్టి లెక్కపెట్టుకునేవాడు. గంట గడిచాక ఒక జవాబు చదివి వినిపించమన్నాడు. చదివాను. మధ్యలో ఆపాడు.

"నేను పన్ను అన్నాను. నువ్వు శిస్తు అని రాశావు."

"రెండూ ఒకటే కదన్నా, శిస్తు అయితే బాగుంటుందని..."

"కావచ్చు తమ్ముడూ. కానీ ఇది నా పరీక్ష."

కొట్టేసి పన్ను అని రాశాను. చెవులు ఎర్రబడ్డాయి. నాకు తెలుగు బాగా వచ్చునన్న గర్వం ఆ రోజు ఆ బెంచీ మీదే దిగిపోయింది. ఎదుటివాళ్లు చెప్పింది చెప్పినట్టు వినడం ఒక పని అని, అది చాలా కష్టమైన పని అని నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత మూడేళ్లు పరీక్షల కాలం వచ్చిందంటే అంధ విద్యార్థుల హాస్టల్‌కి వెళ్లేవాణ్ణి. పాఠ్యపుస్తకాలు చదివి క్యాసెట్లలో రికార్డు చేసి ఇచ్చేవాణ్ణి. ఆ పనికి నాకు ఏ సర్టిఫికెట్టూ రాలేదు. ఈ రోజు నా ముందు కూర్చున్న అబ్బాయి మాటను వాళ్ల నాన్న దిద్దుతుంటే "మీరు కాసేపు ఆగండి, వాణ్ణి చెప్పనివ్వండి" అని అనగలుగుతున్నానంటే, అది ఆ బెంచీ మీద నేర్చుకున్నదే.

ఇక కాగితాల బజారు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది, 180 గంటలు. ఆలోచన చాలా మంచిది. పిల్లలు ఒక ఊరో వార్డో ఎంచుకుని, ఇంటింటికీ వెళ్లి, ఒక సమస్యను చూసి రావాలి. కానీ కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో నిండిన లాగ్‌బుక్కులు దొరుకుతాయి, పేరు మార్చుకుంటే చాలు. ముగ్గురు పిల్లలు మూడు వేర్వేరు ఊళ్ల పేర్లతో తెచ్చిన సర్వేలు ఒకసారి నా చేతికొచ్చాయి. కుటుంబాల సంఖ్య ఒకటే, జవాబులు ఒకటే, అక్షరదోషాలు కూడా ఒకటే. "ఆ ఊళ్లో మంచినీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారమ్మా?" అని అడిగితే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లను తిట్టాలనిపించలేదు. రెండు నెలలు ఒక ఊరితో పరిచయం అయ్యే అవకాశాన్ని కాస్త డబ్బుకి అమ్మేసుకున్నారే అని బాధేసింది.

దీనికంటే పెద్ద ఉచ్చు వాట్సాప్‌లో వస్తోంది. "సోషల్ ఇంటర్న్‌షిప్, ఇంటి నుంచే, నెల రోజులు" అని ఒక లింకు. చేరిన రెండో రోజు ఒక క్యూఆర్ కోడ్ పంపుతారు. బంధువులు, స్నేహితుల దగ్గర ఇంత విరాళం వసూలు చేస్తేనే సర్టిఫికెట్, దాని రెట్టింపు తెస్తే సిఫార్సు లేఖ. పిల్ల మేనమామను అడుగుతుంది, పిన్నిని అడుగుతుంది, చివరికి పరువు పోకుండా నాన్నే మిగిలింది కడతాడు. ఆ నెలలో ఆ పిల్ల ఒక్క పేదింటి గడప తొక్కదు, ఒక్క కొత్త మనిషితో మాట్లాడదు. దీన్ని సేవ అనకండి, ఇంటర్న్‌షిప్ అసలే అనకండి. డబ్బు టార్గెట్ పెట్టే ఏ సంస్థలోనూ పిల్లల్ని చేర్చకండి. సంస్థ పేరు చెబితే, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. అక్కడ పేరున్నంత మాత్రాన మంచిదని కాదు. ఒకసారి స్వయంగా వెళ్లి, అక్కడ రోజూ ఏం జరుగుతోందో కళ్లతో చూడండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే, పెద్దవాళ్లెవరు దగ్గరుంటారో అడిగి తెలుసుకోకుండా పంపకండి.

విదేశీ చదువుల విషయంలో నిజం ఏమిటంటే, ఎంఎస్ ప్రవేశాల్లో ప్రధానంగా చూసేది మార్కులు, ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే ఎస్‌ఓపీ, సిఫార్సు లేఖలు, సబ్జెక్టులో చేసిన పని. సేవా సర్టిఫికెట్ లేదని సీటు పోయిన పిల్లవాణ్ణి నేను చూడలేదు. అమెరికాలో బ్యాచిలర్స్‌కి వెళ్లే పిల్లలు నింపే కామన్ యాప్‌లో పది కార్యకలాపాలకు చోటుంటుంది. ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే. కానీ వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు చేశావని అడుగుతారు. అక్కడ పది సంస్థల పేర్ల కంటే మూడేళ్లు సాగిన ఒక ఆదివారం లెక్కల క్లాసు గట్టిగా నిలుస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కి 2,800 గంటల పని అనుభవం కావాలి. అందులో జీతం లేని స్వచ్ఛంద సేవనూ లెక్కిస్తారు.

అమెరికా వెళ్లిన పిల్లల తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక, ఇది ఇక్కడ చాలామందికి తెలియదు. చదువు అయ్యాక పనిచేయడానికి వచ్చే ఓపీటీ అనుమతి కాలంలో 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు. మొదటి ఓపీటీ కాలంలో తమ చదువుకు సంబంధించిన రంగంలో, వారానికి కనీసం 20 గంటలు, జీతం లేకుండా పనిచేసినా చెల్లుతుంది. సైన్సు, టెక్నాలజీ కోర్సులవారికి వచ్చే స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం లేని పని చెల్లదు. ఈ వెసులుబాటును అడ్డం పెట్టుకుని, పని ఏమీ లేకుండానే వాలంటీర్ లెటర్ ఇస్తామంటూ డబ్బు తీసుకునే దళారులున్నారు. కంప్యూటర్ సైన్సు చదివిన పిల్లవాడు ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దడం మంచి పనే, కానీ ఓపీటీ లెక్కలోకి రాదు. తప్పుడు లెటర్‌తో వీసా హోదాకే ముప్పు వస్తుంది. అప్పు చేసి పంపిన చదువును ఒక కాగితం మీద పందెం కాయకండి.

ఇప్పుడు నిజమైన పని ఏం ఇస్తుందో చెబుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపంతా మునిగినప్పుడు, నాకు తెలిసిన బీకాం కుర్రాడు ఒకడు స్నేహితులతో కలిసి పాలప్యాకెట్లు, పులిహోర పొట్లాలు పంచడానికి వెళ్లాడు. రెండు రోజులు ట్రాక్టర్ వెనక పరిగెత్తాడు. రాత్రి ఇంటికొచ్చాక వాడికొకటి తట్టింది. రోడ్డు మొగలో ఉన్న ఇళ్లకు మూడుసార్లు అందుతున్నాయి, లోపలి సందుల్లోకి ఒక్కసారి కూడా పోవడం లేదు. మూడో రోజు నోట్‌బుక్‌లో సందులన్నీ గీతలు గీసి, మేడల మీద ఎవరున్నారో అడిగి రాసుకుని, చివరి సందు నుంచి మొదలుపెట్టాడు. ఒక ముసలావిడకు షుగరు మాత్రలు కావాలని ఆ నోట్‌బుక్‌లో ఒక మూల రాసి ఉంది. చదివింది అకౌంట్లయినా, తన బుర్ర సరుకు రవాణా వైపు పనిచేస్తుందని వాడికి ఆ వరద నీళ్లలో తెలిసింది. తర్వాత లాజిస్టిక్స్ కంపెనీ ఇంటర్వ్యూలో వాడు చూపించింది ఆ నోట్‌బుక్ పేజీ ఫొటోనే. ఉద్యోగం వచ్చింది.

ఇంకో అమ్మాయి నీట్ లాంగ్‌టర్మ్‌కి మూడోసారి సిద్ధమవుతూ ఉండేది. కోచింగ్‌లో చేర్చే ముందు ఒక్క నెల పెద్దాసుపత్రి ఓపీ దగ్గర, పల్లెల నుంచి వచ్చినవాళ్లకు చీటీ చూసి గది చూపించే పనికి పంపమని ఇంట్లోవాళ్లను బతిమాలాను. నెల తర్వాత వచ్చి, "సార్, నాకు డాక్టర్ కావాలని లేదు. ఆ చీటీ ఎవరికీ అర్థం కాకుండా ఎందుకుంటుందో, అది మార్చాలని ఉంది" అంది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, తర్వాత ప్రజారోగ్యంలో పీజీ చేస్తానంటోంది. వాళ్ల నాన్న ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. అలాగే ఒక నెల గడిపాక "ఎన్నిసార్లయినా రాస్తాను, నాకు వైద్యమే కావాలి" అన్న పిల్లలూ ఉన్నారు. వాళ్లను నేనే దగ్గరుండి ప్రోత్సహించాను. పిల్లలు తమ నోటితో చెప్పాలి, నేను కోరేది అంతే.

వాలంటీర్ అన్న మాటకు మన దగ్గర ఇంకో అర్థం కూడా స్థిరపడిపోయింది. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్లకు దాదాపు 50 ఇళ్లకు ఒకరు చొప్పున బాధ్యత, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఉండేవి. అందుకే ఇప్పటికీ కొందరు తల్లిదండ్రులు "జీతమెంత?" అని అడుగుతారు. అడగడం తప్పు కాదు. నేను చెబుతున్నది మాత్రం జీతం లేని పని, వారానికి రెండు మూడు గంటలు, ఇంటికి దగ్గర్లో.

దారులు చెప్పమంటే, నా మొదటి ఓటు కాలేజీలోనే ఉన్న ఎన్ఎస్ఎస్‌కి. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. పైసా ఖర్చు లేదు. శిబిరంలో ఊరి బడిలో పడుకుని, కాలువ పూడిక తీసి, రాత్రి గ్రామస్తులతో కూర్చున్న పిల్లలకు ఊరంటే ఏమిటో తెలుస్తుంది. డిగ్రీ అయ్యాక రెండేళ్లు పూర్తికాలం పనిచేయగలిగితే టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ ఉంది, హైదరాబాద్‌లోనూ బోధిస్తారు. 13 నెలల ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ గ్రామాల్లో ఉండి పనిచేయాలనుకునేవారికి. రెండింటిలోనూ బతకడానికి సరిపడా భత్యం ఇస్తారు. సేవనే వృత్తిగా చేసుకోవాలనుకుంటే సోషల్ వర్క్‌లో పీజీ, అంటే ఎంఎస్‌డబ్ల్యూ. దానికి ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లోని రోడా మిస్త్రీ కాలేజీ. అభివృద్ధి రంగంలో ఎంఏకి టిస్ హైదరాబాద్ క్యాంపస్, బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ, గ్రామీణ యాజమాన్యానికి ఆనంద్‌లోని ఇర్మా.

ఈ వృత్తిలో మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చేలా ఉండవు. అందుకే లక్షల అప్పు చేసి ప్రైవేటు యూనివర్సిటీలో సోషల్ వర్క్ చేరడాన్ని నేను ఒప్పుకోను. ముందు ఆరు నెలలు ఎక్కడైనా జీతం లేకుండా పనిచేసి చూడండి. విసుగు, ఎండ, కృతజ్ఞత చెప్పని మనుషులు, రాని ఆటో, సంతకం పెట్టని అధికారి, ఇవన్నీ చూశాక కూడా మళ్లీ సోమవారం వెళ్లాలనిపిస్తే అప్పుడు దరఖాస్తు చేయండి.

ఆదివారం లెక్కలు చెబుతున్న ఆ అమ్మాయి తల్లికి నేను ఒకటే చెప్పాను. అమ్మా, వారానికి ఆరు రోజులు మీరు చెప్పినట్టే వింటోంది. ఆ రెండు గంటలు దాన్ని వదిలేయండి.

మార్చిలో మళ్లీ పరీక్షలొస్తాయి. పదో తరగతి రాసే చూపులేని పిల్లలకు తొమ్మిదో తరగతి పిల్లలు, డిగ్రీ రాసేవాళ్లకు ఇంటర్ పిల్లలు రాసిపెట్టవచ్చు. అభ్యర్థి తానే స్క్రైబ్‌ను, అంటే రాసిపెట్టేవారిని, తెచ్చుకుంటే వారి చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. పరీక్ష గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం కూడా ఉంటుంది. ఏటా చివరి వారంలో స్క్రైబ్ దొరక్క ఎవరో ఒకరు తిరుగుతూనే ఉంటారు. మీ దగ్గర్లోని అంధుల పాఠశాలకో హాస్టల్‌కో జనవరిలోనే వెళ్లి పేరివ్వండి. అనుమతి కాగితాలకు టైము పడుతుంది.