కొండమీద కార్తీకం

వానలు తగ్గాయి. దసరా వెళ్ళింది. దీపావళి కూడా వెళ్ళింది. కార్తీక మాసం వచ్చింది.

విశాఖపట్నంలో ఇంకా ఉక్కగానే ఉంది. మధ్యాహ్నం పూట ఫ్యాను లేకపోతే ఉండలేరు. గాజువాకలో ఒక చెల్లెలు ఉంది. ఆమె భర్త పోర్టులో కూలిపని చేస్తాడు. వాళ్ళకి ఒక కొడుకు. ఆమె అప్ప అరకు దగ్గర ఒక కొండ ఊళ్ళో ఉంటుంది. "చలి మొదలైంది. వలిసెలు పూశాయి. ఒకసారి వచ్చి పో చెల్లీ" అని అప్ప కబురు పంపింది.

చెల్లెలు కొడుకుని తీసుకుని పొద్దున్నే రైలెక్కింది.

రైలు ప్రయాణం

విశాఖ నుంచి అరకు రైలు దారిలో సుమారు 130 కిలోమీటర్లు. కొత్తవలస దాటాక కొండలు మొదలవుతాయి. దారిలో యాభైకి పైగా సొరంగాలు ఉన్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో చీకటి. పిల్లలంతా ఒక్కసారిగా కేకలు! సొరంగం దాటగానే మళ్ళీ వెలుగు, పచ్చని లోయ.

ఈ రైలు దారిని 1960 తరువాతి సంవత్సరాల్లో వేశారు. మనుషుల కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల్లో ఇనుప రాయి దొరుకుతుంది. ఆ రాయిని విశాఖ పోర్టుకు చేర్చడానికి వేశారు. పోర్టులో ఆ రాయి ఓడలెక్కి జపాను వంటి దేశాలకు వెళ్ళింది. విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడా బైలదిల్లా రాయి వస్తుంది.

ఎదురుగా ఒక గూడ్సు బండి వచ్చింది. పెట్టెల నిండా ఎర్రని రాయి. "అమ్మా, ఇది నాన్న పనిచేసే చోటికే వెళుతుందా?" అని కొడుకు అడిగాడు. "అవును నాన్నా, అక్కడికే" అంది తల్లి.

మంచు తెర

మర్నాడు తెల్లవారింది. చెల్లెలు తలుపు తీసింది. ఎదురింటి గోడ కూడా కనిపించలేదు. అంతా తెల్లని మంచే.

అరకు లోయ సముద్రం కన్నా సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తుకు వెళ్ళేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. వెయ్యి మీటర్లు పైకి వెళితే సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. రాత్రి నేల బాగా చల్లబడుతుంది. గాలిలోని తేమ సన్నని నీటి చుక్కలుగా మారి లోయలో నిలిచిపోతుంది. అదే మంచు. ఎండ ఎక్కితే కరిగిపోతుంది.

అప్ప అప్పటికే లేచింది. వాకిలి అలికింది. పొయ్యి రాజేసింది. కుండలో చోడి అంబలి ఉడుకుతోంది. పిల్లలు పొయ్యి చుట్టూ చేరి చేతులు కాచుకుంటున్నారు. ఊట నీళ్ళు తేటగానే కనిపిస్తాయి. అయినా అప్ప వాటిని కాచి, చల్లార్చి, మూత పెట్టింది. "తేటగా ఉన్న నీళ్ళన్నీ మంచి నీళ్ళు కావు చెల్లీ" అంది.

అంబలి తాగి అందరూ ఎండలో కూర్చున్నారు. తట్టలో సీతాఫలాలు ఉన్నాయి. పండిన కాయను చేత్తో నొక్కితే చాలు, విచ్చుకుంటుంది. పిల్లలు గింజలు దూరంగా ఉమ్మే పందెం వేసుకున్నారు. అప్ప చెల్లెలి తలలో నూనె రాసి జడ వేసింది. పెళ్ళయ్యాక ఇద్దరూ ఇలా కూర్చుని ఎన్నాళ్ళయిందో!

పసుపు పచ్చని చేలు

ఎండ వచ్చాక చేలవైపు వెళ్ళారు. కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టు ఉంది. అవి వలిసె పూలు. వలిసె గింజల నుంచి నూనె తీస్తారు. పూలనిండా తేనెటీగలే. తేనెటీగలు తిరిగితేనే గింజ బాగా కడుతుంది.

రోడ్డు పక్కన కార్లు ఆగి ఉన్నాయి. కొందరు ఫొటోల కోసం చేలోకి దిగుతున్నారు. "బాబూ, గట్టు మీద నిలబడి తీసుకోండి. మొక్క విరిగితే గింజ పోతుంది. అది మా పంట" అంది అప్ప. వాళ్ళు గట్టు మీదకు వచ్చారు. చూసేవాళ్ళకు అది అందం. పండించేవాళ్ళకు అది బతుకు.

ఆ పక్కన కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు పెరుగుతాయి. ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారు. కార్తీకంలో కాఫీ పళ్ళు ఎర్రబడడం మొదలవుతుంది. ఎర్రని పండునే కోయాలి. పచ్చికాయ కోస్తే రుచి ఉండదు, ధర రాదు. సుమారు ఆరు కిలోల పండుకు ఒక కిలో కాఫీ గింజ వస్తుంది. గిరిజన రైతులు పండించే అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఇంకొక చోట పండిన కాఫీని ఆ పేరుతో అమ్మకూడదు.

అప్ప, బావ, చెల్లెలు కలిసి మధ్యాహ్నం దాకా పళ్ళు కోశారు. రెండు గోతాలు అయ్యాయి.

తూకం చీటీ

సాయంత్రం పళ్ళు కొనే షావుకారు దగ్గరికి వెళ్ళారు. ఆ రోజు ధర కిలోకు 40 రూపాయలు. మొదటి గోతం తూచాడు. తూకం ముల్లు 21 దగ్గర ఆగింది. రెండో గోతం తూచాడు. ముల్లు 17 దగ్గర ఆగింది. అతను చీటీ రాసి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

నిరుడైతే అప్ప డబ్బు కొంగున కట్టుకుని వచ్చేసేది. ఈసారి చీటీ అడిగి తీసుకుంది. వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివింది. 21. దాని కింద 12. మొత్తం 33.

"బాబూ, రెండో గోతం పదిహేడు. నువ్వు పన్నెండు వేశావు" అంది.

"లేదమ్మా, పన్నెండే" అన్నాడతను.

"అయితే మళ్ళీ తూచు. అందరం చూద్దాం."

వెనక ఉన్న ఆడవాళ్ళు కూడా ముందుకు వచ్చారు. గోతం మళ్ళీ తూచారు. ముల్లు 17 దగ్గరే ఆగింది. "చెయ్యి జారింది" అని అతను చీటీ దిద్దాడు. తక్కువైన డబ్బు ఇచ్చాడు.

వెనక ఉన్న ఒక ముసలమ్మ తన చీటీ అప్ప చేతిలో పెట్టింది. "ఇది కూడా చదివి పెట్టు తల్లీ" అంది. అప్ప చదివింది. అందులో లెక్క సరిగానే ఉంది. ముసలమ్మ ముఖం వెలిగింది.

దారిలో చెల్లెలు అడిగింది. "అంకెలు ఎప్పుడు నేర్చుకున్నావప్పా? పోయిన ఏడు వేలిముద్ర వేసేదానివి కదా!"

"ఈ వానాకాలం రాత్రులు నేర్చుకున్నాను. వాన పడుతుంటే వేరే పనేముంది?" అని అప్ప నవ్వింది.

ఆ రాత్రి వెన్నెల పడింది. పక్కింటి వాళ్ళు డప్పు తెచ్చారు. ఆడవాళ్ళు వీపుల వెనక చేతులు కలిపి వరసకట్టారు. ధింసా ఆడారు. చెల్లెలు కూడా వరసలో కలిసింది. అడుగు తప్పినప్పుడల్లా అందరూ నవ్వారు.

చెల్లెలు తిరిగి వెళ్ళేటప్పుడు అప్ప సీతాఫలాలు, చోడి పిండి మూట కట్టి ఇచ్చింది. మూట మీద బొగ్గుతో ఏదో రాసింది. చెల్లెలు రైల్లో కూర్చుని కూడబలుక్కుని చదివింది.

"మళ్ళీ రా."

లెక్క వేయండి

1. మొత్తం 38 కిలోలకు ఎంత డబ్బు రావాలి?
2. 33 కిలోలకు ఎంత వస్తుంది?
3. అప్ప చీటీ చదవకపోతే ఎంత నష్టపోయేది?

మాట్లాడుకోండి

1. మీరు అమ్మేటప్పుడు, కొనేటప్పుడు చీటీ అడుగుతున్నారా?
2. తూకం ముల్లు ముందుగా సున్నా దగ్గర ఉందో లేదో చూస్తున్నారా?
3. మీ పుట్టింటికి వెళ్ళినప్పుడు మీకు బాగా నచ్చే కాలం ఏది? ఎందుకు? నాలుగు మాటలు రాయండి.